రెండు మెట్ల అవతల

పాత బస్సు మొదటి మెట్టు పదిహేడు అంగుళాలు.
నేను కొలిచాను.
ప్యాంట్లు కత్తిరించేవాణ్ణి, టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది.
శివాజీనగర్ స్టాండులో జనం నవ్వుతుంటే
వంగి, రోడ్డుకీ మెట్టుకీ మధ్య పట్టాను
ఎవరికో లోపలికాలు కొలత తీసినట్టు.

నా ఎడమకాలు రెండున్నర తక్కువ.
క్యాలిపరు తొడిగినా మెట్టు దగ్గర లెక్క తప్పుతుంది.
నా చెయ్యి కమ్మీని పట్టుకుంటుంది,
వెనకవాడి చెయ్యి నా నడుం పట్టుకుంటుంది.

కొత్త బస్సు వచ్చింది.
స్టాపులో బుస్సుమని గాలి వదిలి
నా వైపు ఒక భుజం దించింది.
ముప్పయ్యారేళ్లలో నాకోసం వంగిన మొదటి వస్తువు.
గడప దాటినట్టు దాటాను.
ఎవరి చెయ్యీ పడలేదు.
కూర్చున్నాక, నడుం దగ్గర కాస్త చలేసింది.

కానీ ఇదంతా సగం దాకానే.
మధ్య తలుపు దాటితే రెండు మెట్లు.
వాటి కింద ఇంజనుందట, ఇరుసుందట,
చివరిదాకా దించాలంటే చాలా ఖర్చట.
డిపో మెకానిక్కు మునెప్ప అన్నాడు:
"వేడి పుట్టేదానికీ ఒక చోటు కావాల గదప్పా."
కావాలి. కాదన్లేదు.

ఈ ఊళ్లో ముందు సగం ఆడవాళ్లది.
"గండస్రు హిందె హోగ్రీ" అంటుంది కండక్టరు కెంపమ్మ.
ప్యాంటు అంచు జానెడు ఎత్తి ఇనుము చూపిస్తాను,
పాసు చూపించినట్టు.
రోజూ అదే కెంపమ్మ. రోజూ ఎత్తాలి.

వెనక, పైన, మా షాపువాళ్లు
కాజాలు కుట్టే ఇర్షాదూ, చినముత్తూ
నిన్నటి మ్యాచి గురించి కొట్టుకుంటుంటారు.
నవ్వు మెట్లు దిగి నా దాకా వస్తుంది.
దేనికి నవ్వారో రాదు.

మధ్య తలుపు దగ్గర, నేలలో ఒక రేకు,
చక్రాల కుర్చీ కోసం.
దొమ్మలూరులో ఒకేఒక్కసారి తెరిచారు.
డ్రైవరు దిగొచ్చి కొక్కెం పెట్టి లాగితే
ముందు మట్టి రాలింది,
తర్వాత ఎవరిదో దువ్వెన,
తర్వాత కదిలింది రేకు.
వెనక హారన్లు ఆగలేదు.
ఆ పిల్ల ఎక్కి, చక్రాలు బిగించుకుని
రెండు మెట్ల వైపు మెడ సాచి అడిగింది:
"అన్నా, ఆ పై సీట్లనుంచి ఊరు బాగా కనిపిస్తుందా?"

తెలీదమ్మా, అన్నాను.

కత్తెర పట్టినప్పుడు ఒక్కోసారి
ఆ బస్సు బల్లమీద పరిచినట్టుంటుంది.
ఒక సగం పొట్టి, ఒక సగం పొడుగు.
ఇలాంటి ప్యాంటు కుట్టిస్తే
గిరాకీ నా మొహాన కొడతాడు.

నాదైతే
అలాగే కుట్టుకుంటాను.