పండులు

చీటీలు తీసినాం. మాకు మూడోది పడింది:
బిడ్డకు మాట ఎట్లా వస్తుంది?
పది నిమిషాలు, ఒక చార్టు,
గుంపులో ప్రతి ఒక్కరూ నోరు తెరవాల్సిందే
అన్నారు జ్ఞానాంబ మేడం, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

గుంపంటే ఐదుగురం.
రెడ్డెమ్మ చేతిరాత ముత్యాలు, కాబట్టి పనంతా ఆమెదే.
ఏకాంబరం టీలు తెచ్చి, తన వాటా అయిపోయిందన్నాడు.
తబస్సుమ్ మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకొచ్చింది,
అత్త వేలూరు ఆస్పత్రికి పోయిందని.
నాదముని కిటికీ పక్కన
స్కెచ్ పెన్ను మూత తీస్తా, పెడతా.
నేను లీడర్ని. ఎవరూ ఎన్నుకోలేదు,
పుస్తకం నా దగ్గరుంది, అంతే.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసన
చిత్తూరంతా తిరిగి మా క్లాసులోకీ వచ్చింది.
పెళ్ళిలో విస్తర్లు పంచినట్టు సిద్ధాంతాలు పంచుకున్నాం.
చిలక సిద్ధాంతం నాకు:
విను, అను, మెచ్చుకుంటే మళ్ళీ అను.
వ్యాకరణం పుట్టుకతోనే తలలో ఉంటుందనేది తబస్సుమ్‌కి.
మనుషుల నడుమ మాటకు మాట తగిలి పుడుతుందనేది
మిగిలింది కాబట్టి నాదమునికి.

"అన్నింట్లోనూ ఏందో తక్కువుండాది మే,
సంగట్లో ఉప్పు మరిచినట్టు"
అనింది రెడ్డెమ్మ, స్కేలు జరుపుతా.
ఆ మాట చార్టు మీద రాయలేదు.
రాసుండాల్సింది.

అప్పుడే బల్ల కింద, వాళ్ళమ్మ సంచిలో చెయ్యి పెట్టి
"పండులు!" అనింది పాప.
"పళ్ళు అనాలమ్మా" అన్నాను, అప్పుడే వచ్చిన టీచరు గొంతుతో.
పాప నోరు తెరిచి పాలపళ్ళ మీద వేలు పెట్టింది.
"ఇవి పళ్ళు.
అవి పండులు."

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు.
ఆ మాట ఎవరూ ఆమెకు చెప్పి ఉండరు.
నా చిలక అక్కడే ముక్కు మూసుకుంది.

శుక్రవారం మా వంతు. కరెంటు పోయింది.
చార్టు గోడ మీద నిలవక జారిపోతుంటే
ఏకాంబరం రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.
"భాష అనగా" అన్నాను.
మళ్ళీ "భాష అనగా" అన్నాను.
తర్వాతది రాలేదు.

నాదముని లేచాడు.
"మాది గుడిపాల దగ్గర, మేడం. ఇంట్లో అరవం.
ఆరో క్లాసుకు తెలుగు బళ్ళో వేసినారు.
బస్సులో కండక్టరు రోజూ అడుగుతాడు, యాడికిరా అని.
నేను ముందుకి వేలు చూపిస్తా.
నెల పొద్దులు అట్లనే.
ఒకరోజు ఆయన టికెట్టు చించకుండా నిలబడిపోయినాడు.
బస్సంతా నా నోరే చూస్తా ఉంది.
'చిత్తూరికి' అన్నా.
చిత్తూరు నాకు తెలుసు.
ఆ 'కి' ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు."
కొంచెం ఆగి,
"చిల్లర మాత్రం ఇంకా అరవంలోనే లెక్కపెడతా" అన్నాడు.

"ఇది ఏ సిద్ధాంతం కిందికి వస్తుంది?" మేడం అడిగారు.
పరీక్షకో, నిజంగానో, ఆ గొంతులో తెలియలేదు.
ఏకాంబరం చేతుల్లో చార్టు వణుకుతా ఉంది.
పదికి ఏడు. పక్కన ఎర్ర సిరాతో: సమయపాలన లేదు.

సాయంత్రం బస్టాండు ముందర
తోపుడుబండి దగ్గర ఆగి
"పండులు ఎట్లిస్తావు?" అన్నాను, నోరు జారి.

బండామె నవ్వలేదు. దిద్దలేదు.
"ఎన్ని కావాల?" అనింది.