ఈ వారం ఎవరూ చావలేదు

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి
మా సంతపేట వీధిలో కుక్క కూడా మొరగదు.
‘గురువారం ఫైలు’ వస్తా ఉంటాది.
ఏడేండ్లుగా ఇన్‌స్పెక్టర్ రుద్రదేవ్ నవ్వింది లేదు,
ఆయన చొక్కా మడత నలిగింది లేదు.
వాన సీనులో సైతం
గొడుగు కంటే ముందు ఆయన కళ్ళే తెరుచుకుంటాయి.

నేను నిజం స్టేషన్లో రైటరుని.
నా చొక్కా మీద ఒకటి ఇంకు మరక, ఒకటి సాంబారు మరక,
ఏది ఏదో మా ఇంటామెకే తెలుసు.
అయినా ఒక్క వారమూ విడవను.
డ్యూటీలో దొరకనోళ్ళు టీవీలోనన్నా దొరుకుతారని.

మొన్న వాళ్ళకేం పుట్టిందో,
తమాషా ఎపిసోడంట.
మొదటి సీనులోనే రుద్రదేవ్
తోతాపురి తొక్క మీద కాలేసి
పోయి పోయి శవం మీద పడినాడు.
శవం తుమ్మింది.
“మన్నించండి సార్” అనేసి
ముక్కులో దూది సర్దుకోని మళ్ళీ పడుకునింది.

మా ఇంట్లో నవ్వు పగిలింది.
పక్కింటి మొగిలప్ప, జ్యూస్ ఫ్యాక్టరీ షిఫ్టు దిగి
నేరుగా వచ్చినోడు, చేతులకింకా గుజ్జు వాసన,
తన తొడ చరుచుకోని చాలక
నా తొడ కూడా చరిచినాడు.
పోలీసు కుక్క వాసన పట్టుకుంటా పోయి
దోసెల అంగడి ముందర కూర్చునింది,
నేరస్థుడు ఎర్రకారమని తేల్చింది.
రుద్రదేవ్ భూతద్దం పెట్టి
పుల్లట్టు కంతలు లెక్కబెట్టినాడు,
కంత కంతకీ అదే గొంతు, అదే పిడుగు సంగీతం.
నిజం చెప్పాలంటే, ఆ సంగీతం మారనందుకే నవ్వొచ్చింది.

తర్వాత ఫైలు కనబడలేదు.
స్టేషనంతా వెతికినారు.
బీరువాలో, బిర్యానీ పొట్లంలో,
లాకప్పులో నిద్రపోయే దొంగ తలకింద.
ఆఖరికి కుంటి టేబులు కాలుకింద దొరికింది.
అందరూ నవ్వినారు.
నాకు మాత్రం నవ్వు
నమలని సంగటి ముద్ద మాదిరి గొంతులో నిలబడింది.

గడప మీద కూర్చోని కుప్పమ్మ చూస్తా ఉండాది.
మా స్టేషన్ ముందర ఉడకేసిన శెనక్కాయలమ్మే కుప్పమ్మ.
ఆరేండ్ల ముందర గుజ్జు డబ్బాల లోడుతో
మద్రాసు హార్బరుకి పోయిన లారీ తిరిగొచ్చింది,
క్లీనరు రాలేదు.
ఈమె కొడుకు, వేలు.
ఫిర్యాదు రాసింది నేనే:
పంతొమ్మిదేండ్లు, ఎడమ చెవికి పోగు, నీలం లుంగీ.
గురువారం గురువారం మా ఇంటికొస్తాది.
“ఆ సారు ముప్పావు గంటలో కనిపెట్టేస్తాడే,
మీకేమి తక్కువయిందబ్బా” అంటాది.
నా దగ్గర శెనక్కాయలకి దుడ్లు మాత్రం తీసుకోదు.

ఎపిసోడు అయిపోయి పేర్లు పడతా ఉన్నాయి.
ఆ పేర్ల వెనక
శవం వేషం వేసినోడు లేచి, దూది పీకి,
కెమెరాకి చెయ్యూపి టీ తాగినాడు.
“ఇట్లా ఆటలాడితే రేపు వీళ్ళనెవరు నమ్ముతారు”
అన్నాడు మొగిలప్ప, కండ్లు తుడుచుకుంటానే.

కుప్పమ్మ నవ్వలేదు.
చెంగులో పొట్టు దులుపుకోని
“ఈ వారం ఎవరూ చావలేదు గదబ్బా” అనింది.
“లేచి టీ తాగినాడు. చూసినావా?”

చూసినా.

పొద్దున్నే స్టేషనుకి పోయి
నా టేబులు ఎడమ కాలు కింద చెయ్యి పెట్టినా.
నాలుగు మడతల కట్ట.
పైన చెదలు, లోపల నా దస్తూరి.
‘నీలం లుంగీ’ వరకు ఇంకా చదవొచ్చు.
అది తీసిన కాణ్ణించి టేబులు ఊగతా ఉండాది,
ఏం రాసినా అక్షరం వంకర పోతాది.
“కిందేమన్నా పెట్టయ్యా” అని
ఎస్సై గారు ఇప్పటికి రెండుసార్లన్నారు.

వచ్చే గురువారం మళ్ళీ మామూలేనంట.
రుద్రదేవ్ నవ్వడంట, శవాలు తుమ్మవంట.
కుప్పమ్మకి
ఏది ముందు చెప్పేది?