ముందు కొసరు

ఇలోయిలోలో, రేవు వెనక సందులో
నా కొట్టుకి ఇనప జాలీ,
జాలీలో చెయ్యి పట్టేంత కంత.
ఆ కంతలోంచే లోకం నా దగ్గర చిల్లరగా కొంటుంది.
ఒక సిగరెట్టు. అర వెల్లుల్లిగడ్డ.
ఒక్క తలంటుకి సరిపడే షాంపూ.
చిన్న గ్లాసుడు నూనె, ఒకే ఒక్క గుడ్డు.
ఈమధ్య వజ్రాలు కూడా.

నవ్వకండి. యాభై పెసోలకి అరవై వజ్రాలు.
నంబరు చెబితే నేను మీట నొక్కుతాను,
అవతలెక్కడో రాలిపడతాయి.
తూచక్కర్లేదు, తరుగు పోదు, ఎలకలు కొట్టవు.
నాకు మిగిలేది రెండు పెసోలు.

ట్రైసికిల్ తోలే ఎలియాజర్ వారానికి రెండుసార్లు కొంటాడు.
వాడికి ఫోన్లో ఒక చేపల చెరువుంది.
"ఆట ఉచితమే మానాంగ్" అంటాడు,
"చెరువు వాళ్లే తవ్వారు, పిల్లల్ని వాళ్లే వదిలారు,
మొదటి వారం మేత కూడా వాళ్లదే."

ముప్పయ్యేళ్లుగా ఈ జాలీ వెనక కూర్చున్నదాన్ని.
కొసరంటే ఏమిటో నాకు తెలుసు.
బేరం తెగాక, తూకం అయ్యాక,
చెయ్యి కాస్త వదులు చేసి వేసే గుప్పెడు.
ఇక్కడ కొసరు ముందొచ్చింది.
తూకం ఇంకా అవుతూనే ఉంది.

ఎనిమిదో రోజున చేపలు నోళ్లు తెరిచాయట.
ఆరుగంటలు ఓపిక పడితే మేత ఊరికే వస్తుంది,
ఓపిక లేకపోతే పది వజ్రాలు.
ఆకలి కూడా వాళ్లు చేసిందేరా, అన్నాను.
వినలేదు.
వానలో తిరిగి తెచ్చిన యాభై నోటు
కంతలోంచి తోశాడు.
దాన్ని ఆరేదాకా పప్పు డబ్బాకి అంటించి ఉంచాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను:
రేవు పక్కనే పెట్టుకుని, ఆ డబ్బుకి నిజం చేపలు రావా?
ఫోను జాలీకి ఆనించి చూపించాడు.
చెరువు గట్టున చిన్న ఎర్ర లాంతరు.
"రొవెలిన్ పెట్టి వెళ్లింది."

వాడి పెళ్లాం తైవాన్లో,
చిప్పులు చేసే ఫ్యాక్టరీలో రాత్రి పని.
మూడింటికి పదిహేను నిమిషాల విరామం.
అప్పుడు వీడు నిద్రలో ఉంటాడు.
మెలకువగా ఉన్నా మాటలు డబ్బు దగ్గరే మొదలై
డబ్బు దగ్గరే తెగుతాయి.
అందుకని ఆమె చెరువుకొస్తుంది,
లాంతరు పెట్టి పోతుంది.
పొద్దున్నే లేచి వీడు ఆమె చెరువులో నాచు తీస్తాడు.
చేపలు చచ్చిన చెరువుకి లాంతరు పెట్టనివ్వరు.
అదొక నిబంధన.

ఎవడి బుర్రలో పుట్టిందో గాని,
వల వేసింది చేపలకు కాదు.
తిట్టుకుందామంటే ఆ లాంతరు అడ్డొస్తోంది.
వాళ్లిద్దరికీ ఈ ఊళ్లో ఇంకెక్కడుంది,
మాట లేకుండా కలుసుకునే చోటు?

నవంబరు తుపానుకి నాలుగు రోజులు బళ్లు కదల్లేదు.
నాలుగో రాత్రి కొవ్వొత్తి వెలుగులో వచ్చాడు.
బియ్యమే అడుగుతాడని డబ్బా మూత తీశాను.
వజ్రాలడిగాడు. అప్పుగా.

అప్పుకి నేను బియ్యం ఇస్తాను, మందు బిళ్లలిస్తాను.
సారా ఇవ్వను.
ఇవి ఏ వరసలోవి?
ముప్పయ్యేళ్ల ఖాతా పుస్తకంలో
ఎక్కడా రాసి లేదు.

నోటికొచ్చినట్టు తిట్టాను. అర కిలో బియ్యం పొట్లం కట్టాను.
తీసుకున్నాడు, కదల్లేదు.
టైము చూశాను: రెండూ నలభై.
మీట నొక్కాను.

పుస్తకంలో రాశాను:
ఎలియాజర్. బియ్యం, అర కిలో.
ఉప్పు, యాభై.

నెలాఖరున లెక్క చూసేది వాళ్లమ్మ.
యాభై పెసోల ఉప్పు ఎవరు తిన్నారని అడుగుతుంది.
జవాబింకా దొరకలేదు.

నా వంతు రెండు పెసోలు ఆ రాత్రి డబ్బాలో వెయ్యలేదు.
చెక్క మీద పెట్టి పడుకున్నాను.
పొద్దున్నే వేసేశాను.