రెండు పలకలు తక్కువ

గోడకు ఇంకా తడి ఆరలేదు.
దస్తగిరి నేల మీద పాత దుప్పటి పరిచి
వంటింటి గోడను దాని మీద పడుకోబెట్టినాడు.
పొడవు తొమ్మిదడుగుల నాలుగంగుళాలు,
ఎత్తు రెండడుగులు.
"అడ్డానికి తొమ్మిది, నిలువుకు మూడు,
మూలకు నాలుగంగుళాల ముక్కలు మూడు పడతాయి మ్మా"
అని చెవి మీది పెన్సిలు తీసి
నా కూతురి నోటుబుక్కు అట్ట మీద గళ్లు గీసినాడు.

మైదుకూరు రోడ్డు అంగట్లో
లాటు అయిపోవచ్చిందని సగం ధరకిచ్చిన టైల్సు.
ఇరవై ఎనిమిదే ఉండాయి.
జొన్నపిండి రంగు, అంచుకు సన్నని నీలం గీత.
రైల్వే గేటు కాడ ఆటో ఎగిరి పడింది.
మూడు పగిలినాయి.
"ఎవరి దిష్టో పోయిందిలే అక్కా" అన్నాడు ఆటోవాడు,
బాడుగలో పది రూపాయలు కూడా పోనీయలేదు.

పగిలిన వాట్లోంచే మూల ముక్కలు లాగినాడు దస్తగిరి.
మిషను పెడితే ఇల్లంతా దుమ్ము.
మా అత్త ఓబుళమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుందే గాని
గడప మీద నుంచి కదల్లేదు.
లెక్క మళ్లీ వేసినాం.
మళ్లీ వేసినాం.
రెండు తక్కువ.

"ఫ్రిజ్జు యెనక వదిలేద్దాం, ఎవురు చూస్తారు?"
"ఫ్రిజ్జు ఇంకా కొన్లేదప్పా."
"కొంటారు గదా."

మోకాళ్ల మీద కూర్చొని టైల్సు అటూ ఇటూ జరిపినా.
కుళాయి కాడ ఖాళీ పెడితే గోడ నీళ్లు తాగుతుంది.
కిటికీ పక్కన పెడితే
చొక్కాకు గుండీ ఊడినట్టుంది.
అత్త అప్పుడు ఒకే మాట అడిగింది:
"పోపు యాడికి చిమ్ముతుంది?"

లేచి కొత్త గట్టు ముందర నిలబడినా.
లేని బాణలిలో ఆవాలేసి లేని గరిటె తిప్పినా.
నా కుడిచేతికి ఎదురుగా
గోడ మీద సుద్దముక్కతో సున్నా చుట్టినాడు దస్తగిరి.

బాడుగింట్లో ఆ సున్నా చోటే
నా లెక్కల పుస్తకం.
సిలిండరు మార్చిన తేదీ,
పాలు పోయని రోజులు,
చీటీ ఎవరు పాడుకున్నారో, ఎంతకో,
అంతా బొగ్గు రాత.
ఖాళీ చేసిన రోజు
సున్నం ఖర్చని రెండు వేలు పట్టుకున్నాడు ఇంటాయన.
పదకొండేండ్లు
ఒక్క పూతకు పోయినాయి.

బయట ఇసుక కుప్ప పక్కన
సింకు కోసం గట్టులోంచి కోసిన కడప రాయి ముక్క.
కూలోళ్లు ఇన్నాళ్లూ దాని మీద టీ గ్లాసులు పెట్టినారు.
గుండ్రటి మరకలు తుడిచి కొలిచినా.
ఇరవైకి పదహారు.
మాకు కావాల్సింది అడుగు వెడల్పు, పదహారు ఎత్తు.

"తెల్ల గోడలో నల్ల రాయా?
చూసినోళ్లు మేస్త్రీకి చేతగాలేదంటారు మ్మా.
పైగా ఇది మందం, గోడ చెక్కాల."
"చెక్కు.
కింద వరస పోపుకు.
పైన రెండు వరసలు నాకు."
"నీకెందుకు?"
"బలపంతో రాసుకోను."
అత్త నవ్వింది. ఆమె ఏనాడూ పలక పట్టింది లేదు.

ఆదివారం అతికించి పోయినాడు,
మూడు దినాలు తాకొద్దని చెప్పి.
నాలుగో నాడు పొద్దున్నే తడిగుడ్డ తీసుకొని పోతే
నాకంటే ముందే ఎవరో రాసినారు,
వాలుగా, సుద్దముక్కతో:
దస్తగిరి – బాకీ 1,800.

తుడవలేదు.
దాని కిందనే
సిలిండరు తేదీ వేసినా.