ఎడమకు, కొంచెం కిందికి

ఎనుమాముల మార్కెట్ వెనుక పాత పత్తి గోదాం.
పది మీటర్లు కొలిచి సున్నం గీత గీసింది యాకయ్య సారే.
దూలాల సందుల్ల ఇంకా దూది పోగులున్నయి.
ఫిబ్రవరి. మిర్చి దిగే కాలం.
ఊపిరి బిగబట్టాల్సిన ఆట మాది,
ఊపిరి తీస్తేనే దగ్గొచ్చే గాలి మాది.

బల్ల మీద మూడు రైఫిళ్లు.
పోటీకి పదకొండు రోజులు.

మొదటిది జర్మనీది. నీలం రంగు, అద్దం లెక్క మెరుపు.
సిరిసిల్ల డాక్టరొకాయన కొడుకు కోసం కొని
వాడు నెల తిరగకుండనే మానేస్తే
క్లబ్బుకిచ్చిపోయిండట.
రెండోది తేలిక. నిరుడు నౌషీన్ పతకం తెచ్చింది దాంతోనే,
చెంప ఆనించే చెక్కకు ఇంకా ఆమె కొబ్బరినూనె వాసన.
మూడోదానికి పేరు లేదు, ఏడో నంబరు అంటరు.
కర్రకు పగులు, పగులుకు రాగితీగ.
కొత్తగా వచ్చిన పిల్లలకు
నేర్చుకునేదాకా ఇచ్చేది.

నా చెయ్యి జర్మనీదాని మీదికే పోయింది.
"కండ్లతోని కాదు, కాగితాన్ని అడుగు" అన్నడు సారు.
మామునూరు బెటాలియన్‌లో ఇరవై ఆరేండ్లు
తుపాకులు విప్పి బిగించిన చేతులు
రైఫిల్‌ను చెక్క దవడల నడుమ పెట్టి మర తిప్పినయి.
ఇగ నా గుండె లేదు, నా భుజం లేదు,
రాత్రి నిద్రపట్టని సంగతీ లేదు.
గొట్టం, గుండు, కాగితం.

జర్మనీది రెండు గుండ్లు నడిమిట్ల పెట్టింది.
చప్పట్లు కొట్టబోయిన.
మూడోది పైకి. నాలుగోది కుడికి.
ఐదోదానికి అడ్రసే లేదు.
గుండ్ల డబ్బా మార్చినం, ఇంకో డబ్బా తీసినం,
డబ్బా డబ్బాకు మాట మార్చింది.
అన్ని చిల్లులూ కలిపితే చింతగింజంత.

నౌషీన్‌ది నయం. శనగగింజంత.

ఏడో నంబరు.
మొదటి గుండు ఎడమకు, కొంచెం కిందికి.
నలుపులనే, కానీ నడుమకు ఎడం.
రెండోది కొట్టినంక కొత్త చిల్లు కనపడలేదు.
"కాగితానికే తాకలేదు సార్" అన్న.
సారు ఇంకోటి నింపిండు. ఇంకోటి. ఇంకోటి.
అదే చిల్లు. అంచు జరంత చిరిగింది.

ఆ కాగితం ఇంటికి తీసుకపోయిన.
నాన్న కాజీపేట లోకో షెడ్డుల ఫిట్టరు.
కంచం పక్కకు జరిపి
అంగీ జేబులకెళ్లి వెర్నియర్ తీసి
చిల్లుకు ఆనించి, లైటు కింద తిప్పి తిప్పి చూసిండు.
"ఐదు పాయింట్ రెండు."
"గుండు మందమే నాలుగున్నర, నాన్నా."
"ఎన్ని గుండ్లు?"
"ఐదు."
పప్పు చల్లారిపోయింది.

"నడుమకు తాకలేదు గదా" అన్న మళ్లా.
"మా షెడ్డు గడియారం ఎప్పుడూ ఏడు నిమిషాలు వెనకే,
అందరం ఏడు కలుపుకొని డ్యూటీకెక్కుతం.
ఆఫీసుల కొత్తది తెచ్చిండ్రు,
ఒకనాడు ముందు, ఒకనాడు వెనుక.
దాన్ని నమ్మినోళ్లకే మెమో వచ్చింది."

తెల్లారి సైటు మర
కుడికి నాలుగు టిక్కులు, పైకి మూడు.
దవడల మధ్య ఏడో నంబరు
నడుమ చుక్కను మింగి ఊకుంది.

ఇప్పుడు దాన్ని నేనెత్తాలె.
బిగుసుకున్న కాన్వాసు కోటు, మెడకింద చెమట,
బయట బస్తాలు దింపుతున్న హమాలీల కేకలు,
గొంతులో మిరపగింజ ఇరుక్కున్నట్టు గరగర.
ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ నడుమ దొరికిన జాగాలో
ఐదు గుండ్లు.

కాగితం జరజరా దగ్గరికొచ్చింది.
చింతగింజంత.
అన్నీ కుడికే.

రైఫిల్ మీద నెపం పెట్టడానికి లేదు,
దాని సాక్ష్యం నా సంచిలోనే ఉంది.
సైటు వైపు చెయ్యి చాపిన.
సారు వద్దన్నట్టు చూసిండు.
వంగలేదు, మాట్లాడలేదు.
బూటు కొనతోని నా ఎడమ పాదాన్ని
నువ్వుగింజంత జరిపి,
దగ్గు తగ్గేదాకా ఆగమన్నడు.