గట్టెక్కించి చూశాక

గేదెను నీళ్ళలో ఉంచి బేరమాడొద్దని
మా నాయనమ్మ చెప్పింది పాడిగేదెల గురించే.
నేను రాయపురంలో క్రేనుకి నాలుగువేలు కట్టి
ఇరవై నాలుగడుగుల పాత తెరచాప పడవను గట్టెక్కించాను.

కాసేపు నీళ్ళోడుతూ గాల్లో వేలాడింది.
నాచు గీకితే అడుగంతా
అమ్మవారు పోసినట్టు పొక్కులు.
ఏకాంబరం ఒకదాన్ని చిదిమి వాసన చూశాడు.
"పుల్లగుంది. లోనకి నీళ్ళు దిగినాయక్కా"
అన్నాడు, పళవేర్కాడు తెలుగులో.

పెరంబూరులో ముప్పై ఒక్క ఏళ్ళు
రైలుపెట్టెల కింద దూరినదాన్ని,
నాకు చప్పుళ్ళు తెలుసు.
స్క్రూడ్రైవరు తిరగేసి పిడితో కొట్టుకుంటూ పోయాను
ముక్కు నుంచి చుక్కాని దాకా, జానెడు జానెడుకీ.
ఠక్. ఠక్. ఠక్.
తెరకొయ్య మొదట్లో మాత్రం
నానిన అట్టపెట్టె గొంతు.
అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టాను.

అమ్మే ఆయన, దొరైరాజ్, గొడుగు కింద నిలబడి
నా సున్నాలను చూస్తున్నారు.

తీగలను దూదితో పైనుంచి కిందకి తుడిచాను.
తెగిన పోగు ఉన్నచోటల్లా దూది చిక్కుకుంది,
కుడివైపు ఒకటి, ఎడమవైపు నాలుగు.
పెద్ద తెరచాపను ఇద్దరం ఎండకెత్తితే
సూదిబెజ్జాల్లోంచి మధ్యాహ్నం కారింది.
ఇంజను ఏడోసారికి దగ్గింది.

లోపల, లైఫ్‌జాకెట్ల అరతలుపు వెనక
పెన్సిలు రాత:
తొంభై నాలుగు, అరవై ఒక్కసార్లు.
తొంభై ఐదు, యాభై ఎనిమిది.
కిందకి దిగేకొద్దీ చిన్న అంకెలు.
రెండువేల పదిహేను, రెండు.
పదహారు ఎదుట ఏమీ లేదు.
సున్నా కూడా వేయలేదు.

బయటికొచ్చి పదకొండు లోపాలు చదివాను.
ఆయన పదకొండుసార్లు తలూపి
గొడుగు ముడిచి, దాని మొనతో చుక్కానిని తాకారు.
"పన్నెండోది ఇది. ఎన్నూరు దగ్గర రాయి తగిలింది.
లోపలి కడ్డీ చీలింది. నేనే పూడ్చి రంగేశాను."

ఇందాక అక్కడ మూడుసార్లు కొట్టాను.
మూడుసార్లూ గట్టిగానే పలికింది.

ఇంకో పదిహేనువేలు తగ్గించమని అడగాల్సిన నోరు
ఆ మాటతో మూతబడిపోయింది.
ఏకాంబరం మోచేత్తో పొడిచాడు:
"అడగక్కా! చుక్కానికే ముప్పై అవుతుంది."
అడిగాను.
పది తగ్గించారు, మిగతా ఐదుకి
లంగరు గొలుసు ఇస్తానన్నారు.

రాత్రి చీటీ రాశాను, రేపు ప్యారిస్‌లో కొనాలి:
స్టీలుతీగ అరవై మీటర్లు, నీళ్ళు తోడే పంపు,
ఎర్రదీపం, పచ్చదీపం, ఎపాక్సీ రెండు డబ్బాలు,
నైలాను తాడు, బొటనవేలి లావుది.

ఏకాంబరం పొద్దున్నే వచ్చి
చీటీని వేలితో చదువుకుంటూ
చివరి వరస దగ్గర ఆగాడు.
"పెన్సిలెందుకక్కా?"