నీళ్లకు ఎన్ని మాటలు

ఇబిల్లోలో సంత రోజు.
గారీ బస్తాల సందులో నిలబడి
నా మోటార్ సైకిల్ని బేరమాడిందా పిల్ల.
మెళ్లో రికార్డరు, చంకలో కాగితాల కట్ట,
కాళ్లకు మాత్రం కొండలెరగని చెప్పులు.
"ఊరూరా తిరగాలి మొమొదూ,
ఊరికి నూరు మాటలు అడగాలి" అంది.
మాటలకు కిరాయి ఎంతని చెప్పను?
పెట్రోలుకీ గుంతలకీ లెక్కగట్టి చెప్పాను.

మొదటి ఊళ్లో
కోకో గింజలు ఎండకు తిరగేస్తున్న ముసలాయన
నీళ్లకు తన మాట చెప్పి
"రాసుకో, అసలుది ఇదే.
ఆ గుట్ట వెనకాలవాళ్లు దాన్ని ముక్కుతో అంటారు" అన్నాడు.
గుట్ట వెనకాల కసావా తురుముతున్న ఆడవాళ్లు
చేతికంటిన పాలు తుడుచుకోకుండానే నవ్వారు.
"ఆయనదా? అది మాట కాదమ్మా, దగ్గు."
మూడో ఊళ్లో బడిపంతులు జెగెడే
రెండూ తప్పేనని తేల్చి
సుద్దముక్కతో తలుపు మీద మూడోది రాశాడు.
అక్షరం కుదరలేదు. చెరిపాడు, మళ్లీ రాశాడు,
"నోట్లో ఉంటేనే బాగుంటుంది" అని తలుపేసుకున్నాడు.

పేరడిగితే మాత్రం అందరిదీ ఒకటే,
ఒక్పమెరి.
మేమంతా ఒక్కటి అని దానర్థం.
ఇంతగా పోట్లాడుకునేవాళ్లకు
అంత ధీమా పేరు ఎవరు పెట్టారో!

దారిలో, వెనక సీటు నుంచి
గాలిని మించి అరుస్తూ అడిగింది:
"మీ ఇంట్లో ఏమంటారు?"
నేను నీళ్లు నమిలాను.
మా అమ్మది ఒజా, నాన్నది లాంపెసె.
ఏడేళ్లప్పుడు, నాన్న ఇంట్లో
అమ్మ మాటతో దాహమని అడిగితే
నాయనమ్మ సొరబుర్ర వెనక్కి లాక్కుంది,
సరిగ్గా అడిగేదాకా.
సరిగ్గానే అడిగాను. నీళ్లు చల్లగానే ఉన్నాయి.
అప్పట్నుంచీ రెండిళ్లలోనూ
వేలు పెట్టి చూపించడం అలవాటు చేసుకున్నాను.

"అసిమావు అవ్వనడగండి, ఆమెకన్నీ తెలుసు" అన్నారు.
అవ్వ జవాబు చెప్పలేదు.
కర్ర తీసుకుని కొండెక్కడం మొదలుపెట్టింది.
చెప్పులు చేత్తో పట్టుకుని పిల్ల,
ఆ వెనక రొప్పుతూ నేను.
పైన పాత ఊరుంది. ఊరంటే ఊరు కాదు,
గోడల మొదళ్లు, నడుమెత్తు గడ్డి,
మమ్మల్ని చూసి తలలాడించిన ఎర్రతల తొండలు.
బండ మీద వరసగా గుంటలు,
పిండి నూరీ నూరీ ఆడవాళ్ల చేతులు తవ్వినవి.
నిన్నటి వాన వాటిలో ఇంకా నిలిచి ఉంది.

అవ్వ ఒక గుంట పక్కన చతికిలబడింది.
"కింద గుర్రాలవాళ్లు వచ్చినప్పుడు
మా అవ్వకు అవ్వ ఇక్కడే దాక్కుందట.
చీకట్లో ఎవత్తో పాకుతూ పైకొచ్చింది,
వీపున బిడ్డ, గొంతెండిపోయి.
ఏదో ఒక మాట అంది.
ఏ కొండ మాటో, ఏ ఊరి మాటో.
ఎవ్వరూ దిద్దలేదు.
దోసిలి ముంచి నోటికి పెట్టారు."

"ఆ మాటేంటవ్వా?"
"ఎవరికి గుర్తు?" అంది అవ్వ,
గుంటలో పడిన ఆకు తీసి పారేస్తూ.
"తాగింది. బిడ్డ బతికింది."

రికార్డరులో బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది.
కొండ దిగాకగానీ పిల్ల చూసుకోలేదు.
తిట్టుకుంది, కాసేపు ఏడుపు ముఖం పెట్టింది,
ఆ తర్వాత లాంపెసె దాకా ఏమీ అడగలేదు.

పెట్రోలు బంకు కుర్రాణ్ణి
నీళ్లున్నాయా అన్నాను.
నోట్లోంచి అమ్మ మాటే వచ్చింది,
నాన్న ఊరి పొలిమేరలో, నలభై ఏళ్ల తర్వాత.
వాడు పకపకా నవ్వాడు:
"అలా కాదన్నా, ఎక్కణ్ణుంచి వచ్చావ్?"
నవ్వుతూనే నీళ్ల ప్యాకెట్ మూల కొరికి ఇచ్చాడు.
ప్లాస్టిక్ వాసన వేస్తున్న ఆ నీళ్లు
సగం నేను తాగి, సగం పిల్లకిచ్చాను.
కిరాయిలో వాటిని కలపలేదు.